మధ్యచ్ఛాయోపాసకుడు

నలుపుతెలుపు ఫిల్ముతో బ్రదుకు వెళ్లబుచ్చు ఫొటోగ్రాఫరులలో నూటికొకడు మధ్యచ్ఛాయోపాసకుడు. అట్టివాడు మన కంభము ఊరికి ప్రాప్తించెను. ఆ రెండు రంగుల నడుమనున్న బూడిదవన్నెల మెట్లమీదనే ఆతని ప్రాణములు వ్రేలాడుచుండును.

మిట్టమధ్యాహ్నపుటెండ ఆతనికి జన్మవైరి. ముహూర్తము మించుచున్నదని పెండ్లివారు గోలపెట్టుచున్నను, వరుని కనుగుంటలు బొగ్గుగను ముక్కుకొన సున్నముగను పడునని వాదించి, పందిటిలోనికి నీడ తిరుగువరకు పురోహితునంతటివానిని నిలుపజూచును. పౌడరు దట్టముగ నలదుకొని వచ్చిన కన్యకు మొదట నీళ్లతొట్టి చూపును.

"మా పిల్ల తెల్లంగా పడాల సామీ, సంబంధం వాళ్లకు పంపాల" అని తండ్రి ప్రాధేయపడును.

"పిల్లది చామనచాయ గదా పెద్దాయనా! సున్నం కొట్టేదానికి నేనెందుకు?"

ఆన్సెల్ ఆడమ్స్ అను అమెరికా దేశస్థుడు ఫ్రెడ్ ఆర్చరుతో గూడి, 1940 ప్రాంతమున, కటిక నలుపు మొదలు తెల్లకాగితమువరకు పదునొకండు మండలములు కల్పించి, నట్టనడిమి బూడిదకు ఐదవ మండలమని పేరిడెనని వినినది మొదలు, బ్రహ్మదేవుడు కంభపు ముఖములను ఆ మండలమును దృష్టియందుంచుకొనియే సృజించెనని ఆతని సిద్ధాంతము.

నీడలలోని వివరము కెమెరాలో పడిన వెలుతురువలనను, తెలుపుల గట్టిదనము ఫిల్ము డెవలపరులో నానిన కాలమువలనను నిర్ణయమగునని ఆతడు నిత్యము వల్లించును, అది నిజమే. కాని ఆ మందు 20 డిగ్రీల చల్లదనము కోరును, ఇచటి వేసవియో 40 దాటును. వేడికి మందు తొందరపడి తెలుపులను మొద్దుబార్చును గనుక, పుల్లఐసు బండిని స్టూడియోకు మళ్లించి, ఐసంతయు తొట్టి చుట్టు పేర్పించును. బండి యేమైనదని వీధిపిల్లలు తలుపు బాదుదురు. నెగటివు కరకుగ వచ్చినచో మెత్తని ఒకటో నెంబరు కాగితము, చప్పగ వచ్చినచో నాలుగో నెంబరు; అంతటితో తృప్తిపడక, ఎన్‌లార్జరు క్రింద నీడలు మరీ నల్లబడకుండ చేతులడ్డుపెట్టి ఆడించుచు, ఎఱ్ఱదీపపు వెలుగున కూచిపూడి పట్టును.

1957 నాటి మాయాబజారును పలుమారులు చూచియు, శశిరేఖ ఎవరిని వరించెనో చెప్పలేడు. మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెలలో బూడిదవన్నెలు లెక్కించుటతోనే ఆతనికి ఆట ముగియును. గుండ్లకమ్మకు అడ్డముగ విజయనగరపు కాలమున కట్టిన మన చెరువును గూర్చి యడిగినచో, చరిత్ర చెప్పడు. వేకువను కట్టమీద నిలిచినచో కొండ, నీరు, కొంగ మూడును విడివిడిగ తేలునని మాత్రము చెప్పి, కుటుంబములను నిద్రలేపి అచటికి నడిపించును.

పాసుపోర్టు ఫొటో కావలసినవారు గడువునకు వారము ముందుగ, పౌడరు లేక, ఉదయము ఎనిమిదింటిలోపల పోవుట మేలు. ధర తగ్గింపుమని యడుగదలచినచో, మబ్బుపట్టిన దినము చూచుకొని పొండు. ఆనాడు ఆతనినేమి యడిగినను కాదనడు.