తెల్లమచ్చ వైరస్ గారికి సన్మాన పత్రం

మహారాజశ్రీ వైట్ స్పాట్ వైరస్ గారి దివ్యసముఖానికి,

నరసరావుపేట నుంచి వ్రాసుకునే విన్నపం. మా పల్నాడుకు సముద్రం లేదు. అయినా 2022 ఏప్రిల్ దాకా నిజాంపట్నం, రేపల్లె, మేము ఒకే గుంటూరు జిల్లా. ఆ తీరంలో తమరు సంపాదించిన కీర్తిలో మాకూ వాటా ఉందని ఈ సాహసం.

తమరు 1992 ప్రాంతంలో తూర్పు ఆసియాలో తలెత్తి, 1994కల్లా ఆంధ్ర తీరం చేరారు. టైగర్ రొయ్యతో మేడలు కట్టినవాళ్లను అదే రొయ్యతో అప్పుల్లో ముంచారు. చిప్ప మీద తెల్లమచ్చ పెట్టాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఊడ్చిపెట్టగల సమర్థులు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు రొయ్యల చెరువులు తీసేయమంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి వాటికి గొడుగు పట్టింది. ఆ వాదోపవాదాలన్నిటిలో తమరికి ఒక్క నోటీసూ అందలేదు.

తమరు సుకుమారులు. నీళ్లు 32 డిగ్రీలు దాటితే నీరసిస్తారు, చల్లబడితే చెలరేగుతారు. తుపాను వానకు నీళ్లు ఒక్కసారిగా చల్లారి, ఉప్పదనం పడిపోయిన రాత్రి తమకు పండుగ. ఆ వాన ఒక్కటే మా చేతిలో లేదు. మిగతా ఏర్పాట్లన్నీ మావే.

వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలే గరిష్ఠమని నిబంధన. మేము దాన్ని కనిష్ఠమని చదువుకున్నాం. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడే డీజిల్ ఖర్చు గుర్తొచ్చి ఏరియేటర్ ఆపేస్తాం. రొయ్య ఊపిరాడక గట్టుకు చేరి నీరసంగా తేలుతుంటే, తమకు వడ్డన పూర్తయినట్టే.

మా మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టాడని చెప్పుకుంటాం. తమరి కోసం మురుగు కాలువను చాపగా పరిచాం. పెద్ద రైతు చెరువు, కౌలు రైతు చెరువు అన్న భేదం అక్కడ లేదు. అందరూ వదిలేదీ అందులోకే, తోడుకునేదీ అందులోంచే. జబ్బు చెరువు నీళ్లను ఆపి, బ్లీచింగ్ వేసి, ఆనక వదలాలని రూలు. జబ్బు సంగతి పొక్కితే వ్యాపారి ధర తెగ్గోస్తాడని ఇవతలి రైతు అర్ధరాత్రి తూము తెరుస్తాడు. తెల్లారేసరికి అవతలి రైతు మోటారు వేస్తాడు. వనామీకి శుద్ధి చెరువు తప్పనిసరి. కాగితం మీద అది ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే అందులోనూ రొయ్యలే.

2009లో వనామీకి అనుమతి వచ్చినప్పుడు తల్లి రొయ్యలకు వ్యాధి లేదన్న ధ్రువపత్రం కూడా వచ్చింది. అది తమరు ఇంకా రాలేదన్న కబురే గాని, వస్తే రొయ్య తట్టుకుంటుందన్న హామీ కాదు. ఆ సంగతి చెబితే సీడు అమ్ముడుపోదు. ఇక వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని బడిపిల్లలకూ తెలుసు. అయినా డబ్బాలకు డబ్బాలు గుమ్మరిస్తాం. తమకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అవశేషాలు దొరికి విదేశీ రేవుల్లో సరుకు వెనక్కి తిరిగినప్పుడు గాని ఆ మందు ఎవరి మీద పనిచేసిందో అర్థం కాదు.

చెరువు ఎండగట్టడం, సున్నం చల్లడం, పీతలు రాకుండా కంచె, కొంగలు వాలకుండా తాళ్లు: వీటికి పెద్ద చదువు అక్కర్లేదు. సున్నానికైతే మా పిడుగురాళ్ల బట్టీలే ఉన్నాయి. కానీ చెరువు ఎండేదాకా ఆగితే ఒక పంట పోతుందట! పంట తమరికి సమర్పించుకుంటే మాత్రం అది విధి లిఖితం.

చేపల వైపు చూసుకోవడానికి తిలాపియా లేక్ వైరస్ గారు ఉండనే ఉన్నారు. 2014లో ఇజ్రాయెల్‌లో వెలుగుచూసి, 2018లో మన దేశంలోనూ నమోదయ్యారు. ఆయన తమకు చుట్టం కాదు గాని పద్ధతి తెలిసినవారు. చల్లదనం తమది, వేడి ఆయనది. ఏడాదిని చక్కగా పంచుకున్నారు.

తమరి కొలతకు శాలువా దొరకలేదు, మన్నించాలి. ఒక్క హెచ్చరిక మాత్రం మనవి చేస్తాం. ఒక్క కాలువ మీది రైతులంతా కూర్చుని, జబ్బు దాచకూడదని, బ్లీచింగ్ వేయనిదే తూము ఎత్తకూడదని, అందరూ ఒకేసారి చెరువులు ఎండగట్టాలని కట్టుబడితే తమరి పని అయిపోయినట్టే. అలాంటి ఊరు కనబడితే దూరంగా మసలుకోండి. మిగతా ఊళ్లలో తమ సేవకు లోటు రానివ్వం.

ఇట్లు, తమ విధేయులు:
రాత్రి తూము ఎత్తిన చెయ్యి,
పొద్దున మోటారు వేసిన చెయ్యి,
మధ్యలో శుద్ధి చెరువు ఉందని సంతకం పెట్టిన చెయ్యి.