అదునూ పదునూ: ఒక బొరిగె ఆత్మకథ

ఈ కథ చెబుతున్న బొరిగె పుట్టింది ఒక లారీ కింద. ఏళ్ల తరబడి బరువు మోసి విరిగిన కమాను పట్టా ఒకటి, పాత ఇనుప సామాన్ల కొట్టు దాటి తెనాలి దగ్గర ఒక పల్లెలో కమ్మరి కొలిమికి చేరింది. ఎర్రగా కాలింది, సమ్మెట దెబ్బలు తింది, నీళ్లలో సుయ్యిమంటూ మునిగింది. తుమ్మకర్ర పిడి తొడుక్కున్నాక దానికి పేరొచ్చింది, ఇల్లొచ్చింది, ఒక చెయ్యి దొరికింది. ఆ చెయ్యి నాయనమ్మది.

పెరడంతా నల్లరేగడి. తడిస్తే జిగురు, ఎండితే రాయి. పని సాగేది ఆ రెంటి మధ్య దొరికే రెండు మూడు రోజులే. ఆ స్థితినే పదును అంటారు. బొరిగె అంచుకూ అదే మాట, మట్టిలోని తడికీ అదే మాట. నాయనమ్మ పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి నొక్కుతుంది. అది పొడిపొడిగా రాలితేనే బొరిగెకు పిలుపు. లేకపోతే చూరు కింద ఇంకో రోజు.

మాఘం వచ్చిందంటే ఆ చూరు కింద కూర్చునే తీరిక ఉండదు. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించిన మల్లెపొద మొదలు కదపాలి, పశువుల ఎరువు కలపాలి, మళ్లీ నీళ్లు పెట్టాలి. వేసవిలో మొగ్గ తొడిగేది ఆ తర్వాత లేచే కొత్త చిగుళ్లకే. చలికి ముడుచుకున్న దొండపాదుకు ఎండుతీగలు తీసేయాలి. బీర, ఆనప, కాకర, దోసలకు గుంటలు తవ్వాలి. పెంకు గట్టిగా ఉండే కాకరగింజను రాత్రంతా నానబెట్టాలి. ఒకటి చేసేలోగా ఇంకొకటి మీద పడుతుంది.

గింజ పెట్టడానికి నాయనమ్మ ఆనవాలు శివరాత్రి. దానితో చలి పోతుందని ఆమె నమ్మకం, చాలా ఏళ్లు అది పనిచేసింది కూడా. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది, పాదులు కళకళలాడాయి. ఆ ఏడే అధిక శ్రావణం పడింది. దాంతో 2024లో శివరాత్రి మార్చి 8కి జరిగింది. నాయనమ్మ ఆగింది. బొరిగె చూరు కిందే తుప్పు పట్టింది.

మొక్కలు మొలిచేసరికి ఎండలు ముదిరాయి. బీరపాదు పందిరెక్కింది, పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూసింది. పిందె మాత్రం లేదు. అన్నీ మగపూలే. పగటి పొద్దు పెరిగి, వేడి హెచ్చేకొద్దీ ఈ జాతి పాదులకు ఆడపూలు తగ్గిపోతాయి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతున్న మనవరాలు సెలవులకొచ్చి పందిరి కింద నిలబడి చెప్పింది.

"తిథి చంద్రుణ్ణి బట్టి వస్తుంది నాయనమ్మా. పాదు చూసుకునేది సూర్యుణ్ణే కదా."

నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. "మావిడి పూత ఎప్పుడో వచ్చిందే. చూడాల్సింది నేనే," అంది.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న. అప్పటికే బీరపాదు నాలుగాకులు వేసి ఉంది. ఆ వసంతం ఈ బొరిగె బతుకులో మేలైనది. ఆనపపువ్వు తెల్లగా విచ్చుకునేది సాయంత్రం, బీరపువ్వూ పొద్దు వాలాకే. గుమ్మడి మటుకు తెల్లవారుజామున. తేనెటీగలు తక్కువగా కనిపించిన రోజుల్లో నాయనమ్మే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, అడుగున బుల్లి పిందె ఉన్న పువ్వుకు మెల్లగా అద్దేది. చీకటి పడేవేళ ఆమె ఒక్కో పువ్వునూ వెతుక్కుంటూ తిరగడం గట్టున పడుకుని చూసేది బొరిగె.

బొరిగె తన పనుల్లో ఎక్కువ ఇష్టపడేది మాత్రం కంటికి కనిపించని పని. పండుఈగ లేత కాయకు తూటు పొడిచి గుడ్లు పెడుతుంది. పురుగులు కాయను లోపలే కుళ్లబెట్టి, నేలలోకి దిగి, బియ్యపు గింజంత గోధుమరంగు గూళ్లలో దాక్కుంటాయి. కొద్ది అంగుళాల లోతులోనే. రాలిన కాయల్ని ఏరి పారేస్తే పని సగమే అయినట్టు. పాదు చుట్టూ మట్టి తిరగేస్తే గూళ్లు ఎండలోకి వస్తాయి, అప్పటిదాకా గోడ మీద కాచుకున్న గోరింకలు దిగుతాయి. పైపొర గుల్లగా ఉంటే లోపలి తడి త్వరగా ఆవిరి కాదు, రేగడి నెర్రెలు తీయడం తగ్గుతుంది. దాని మీద వరిగడ్డి పరుస్తుంది నాయనమ్మ.

2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న వచ్చింది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది గనక వచ్చే శివరాత్రి 2027 మార్చి 6కి జరుగుతుంది. మనవరాలు ఆ తేదీని గోడ మీది క్యాలెండరు వెనకవైపు పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది. బొరిగె అంగుళం పైగా అరిగింది. నిన్ననే కొలిమి నుంచి కొత్త అంచుతో తిరిగొచ్చింది. నాయనమ్మ దాన్ని బొటనవేలితో తడిమి, పెరట్లోకి నడిచి, వంగి పిడికెడు మట్టి తీసింది.