గరికకు ఊడిగం

చేలో గరిక పడితే రైతుకు నిద్ర పట్టదు. పీకినకొద్దీ లేస్తుంది, ఒక్క గెణుపు మిగిలినా మడంతా పాకుతుంది. వేసవి దుక్కులు దున్ని, వేళ్లు ఏరి, గట్టుమీద ఎండబెట్టి దాని పీడ వదిలించుకున్న ఇళ్లలోని పిల్లలే నేడు డాలస్ శివార్లలో, ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇళ్లు కొని ఆ గరికకే ఎదురు డబ్బిచ్చి సేవ చేస్తున్నారు. అక్కడివాళ్లు బెర్ముడా గ్రాస్ అంటారు. సంకర రకాలు ఎన్నున్నా వంశం మాత్రం మన గరికదే.

ఈ సేవకు ఓ పంచాంగం ఉంది. శీతాకాలం పోయి నేల 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వెచ్చబడేలోపు కలుపు మొలవకుండా ఆపే ప్రీ-ఎమర్జెంట్ మందు చల్లాలి. ముహూర్తం తప్పితే క్రాబ్‌గ్రాస్ దిగబడుతుంది. పచ్చబడ్డాక నత్రజని. ఆపైన వారం వారం కోత, అదీ ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకు మించకుండా. అంతకు మించి కోస్తే పాపం గరికకు నొప్పి! పెరగాలని ఎరువు వేయడం, పెరిగిందని కోయడం, కోసింది సంచుల్లో కట్టి చెత్తబండికి ఎత్తడం. ఇంత మేత పండించి ఒక్క బర్రెనైనా మేపని సేద్యం ప్రపంచంలో ఇంకెక్కడుంది?

సెప్టెంబరులో మళ్లీ మందు. చవితి వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ముంగిలి నిండా గరికే, కానీ మందు కొట్టినది వినాయకుడికి ఎలా పెడతాం? అందుకని పత్రి ప్యాకెట్ ఇండియన్ స్టోరు నుంచి వస్తుంది.

చలి ముదిరి మంచు పడగానే గరిక గోధుమరంగుకు తిరిగి పడుకుంటుంది. దాని స్వభావం అది. ఇంటాయనకు మాత్రం నిద్ర పట్టదు, చలి రాకముందే పైన రై గడ్డి విత్తనం చల్లి ఉంచుతాడు. అంత ఓపిక లేనివాడు ఆకుపచ్చ రంగు కొట్టిస్తాడు. వెటకారం కాదు, గడ్డికి వేసే రంగు అమెరికాలో నిజంగానే అమ్ముతారు.

ఇక కలుపు సంగతి. ఆ లాన్‌లో పిలవకుండా వచ్చేవాటిలో గంగవాయిల కూర ఉంటుంది, పులిచింత ఉంటుంది. పప్పులో వేస్తే గిన్నె ఖాళీ అయ్యే గంగవాయిలకు పొద్దున మందు కొట్టి, సాయంత్రం కారేసుకుని ఆకుకూర కొనడానికి వెళ్తారు. క్లోవర్ కథ మరీ విడ్డూరం. గాలిలోని నత్రజనిని నేలకు పట్టించే ఆ మొక్క గింజల్ని ఒకప్పుడు లాన్ విత్తనాల్లో కావాలనే కలిపేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 2,4-డి మందు వచ్చింది. మన వరిచేలలో కొట్టేదే. అది వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, గడ్డిని వదిలేస్తుంది. క్లోవర్ కూడా చచ్చింది కాబట్టి క్లోవర్ కూడా కలుపే అని తేల్చేశారు. అది ఊరికే ఇచ్చిన నత్రజనిని ఇప్పుడు బస్తాల్లో కొంటున్నారు. దీన్ని మించిన వ్యాపారం నేనెరుగను.

నీళ్ల లెక్క అడగకండి. అమెరికా ఇళ్లలో వాడే నీటిలో సుమారు మూడో వంతు ఆరుబయట మొక్కలూ గడ్డీ తాగుతున్నాయని అక్కడి పర్యావరణ సంస్థే చెబుతోంది. ఎడారిలో ఉన్న లాస్ వేగాస్‌కు ముందే తెలివి వచ్చింది. గడ్డి పీకేసిన ఇంటివాళ్లకు చదరపు అడుగు లెక్కన డబ్బిస్తున్నారు. ఆ ప్రాంతంలో రోడ్డు మధ్యనా, ఆఫీసుల ముందూ ఎవరూ కాలుపెట్టని అలంకారపు గడ్డికి నీళ్లు పోయకూడదని ఆ ఊరున్న నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది.

“ఏం చేస్తాం అన్నా, గడ్డి ఎండితే హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) వాళ్లు నోటీసు పంపుతారు” అంటారు మనవాళ్లు. టెక్సస్‌లో 2013 నుంచీ చట్టముంది: నీరు తక్కువ తాగే మొక్కలు పెట్టుకుంటామంటే కాలనీ సంఘం ప్లాను చూపించమనొచ్చు గానీ అసలుకే కుదరదనకూడదు. ఆ ముక్క చెబితే మాట మారుతుంది. రేపు ఇల్లు అమ్మాలంటే ముందుభాగం పచ్చగా ఉండాలట. ముప్పై ఏళ్ల లోను నెత్తినున్న మనిషి, ముఖం తెలియని కొనుగోలుదారుడి కోసం ఇవాళ్టి నుంచే నీళ్లు పోస్తున్నాడు. ఆ వచ్చేవాడూ మనవాడే అయితే గడ్డివైపు తల తిప్పకుండా నేరుగా పెరట్లోకి నడుస్తాడు, సొరపాదుకు పందిరి వేస్తే ఎండ తగులుతుందో లేదో చూసుకోవాలిగా!