పన్నుల దొరగారికి హైదరాబాదు నుంచి ఓ ఇల్లాలి విన్నపం

అమెరికా పన్నుల శాఖ కమిషనరు గారికి,

అయ్యా, నేను మీకు తెలియను. మా ఆయన తెలుసు. హెచ్‌-1బి మీద డల్లాస్‌లో ఉద్యోగం; జీతంలో మీ వాటా మీకు ముట్టాకే మిగిలింది ఆయన కళ్లజూస్తారు. నాది మాదాపూర్‌లో ఉద్యోగం. మొన్న డిసెంబరులో, ధనుర్మాసం పట్టకముందే పెళ్లయింది. ఆయనకు దొరికిన సెలవూ అప్పుడే, పంతులుగారికి దొరికిన ముహూర్తమూ అప్పుడే. మీ చట్టం ప్రకారం డిసెంబరు 31 నాటికి తాళి పడితే చాలు, ఏడాది పొడుగునా ఆలుమగలమేనట. మా మేనత్తలు కూడా ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

పెళ్లయ్యాక ఆయన విడిగా రిటర్ను వేస్తే 2025కి స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు. ఇద్దరం కలిసి వేస్తే 31,500. ఆశ పుట్టదా చెప్పండి! మా దేశంలో ఈ బెడద లేదు. ఎవరి పాన్ వారిదే, ఎవరి రిటర్ను వారిదే; ఒకే కప్పు కింద ఉన్నా సరే.

కలిసి వేయాలంటే మాత్రం నన్ను అమెరికా నివాసిగా లెక్కగట్టమని ఇద్దరం రాసి సంతకాలు పెట్టాలి. నేనింకా శంషాబాద్ దాటలేదు. అయినా పన్ను వరకూ మీ మనిషినైపోతాను, ఇక్కడి నా జీతం కూడా మీ ఫారంలోకి ఎక్కుతుంది. ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ మినహాయింపు ఇస్తారు, కాదనను. దానికి ఇంకో ఫారం. అసలు చిక్కు కాలెండరుతో వచ్చింది. మీకు ఏడాది జనవరిలో మొదలవుతుంది, మాకు ఏప్రిల్‌లో. అంటే ఒక ఫారం 16లోంచి చివరి మూడు నెలలు, మరోదాంట్లోంచి మొదటి తొమ్మిది నెలలు కోసి అతకాలి. ఆ రెండోది మా ఆఫీసు వాళ్లు జూన్‌లో గానీ ఇవ్వరు. మీ గడువేమో ఏప్రిల్ 15. అందుకని పే స్లిప్పులన్నీ మంచం మీద పరుచుకుని, ఒక్కో నెలా కూడుతూ కూర్చున్నాను.

ఇక నంబరు. నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కాబట్టి డబ్ల్యూ-7 ఫారం నింపి, తొమ్మిదితో మొదలయ్యే ఐటిన్ అనే పన్ను నంబరు తెచ్చుకోవాలి. దానికి అసలు పాస్‌పోర్టే పంపాలి, లేదా పాస్‌పోర్టు ఇచ్చినవారే ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. నోటరీ ముద్ర మీ దగ్గర చెల్లదు. మీరు గుర్తించిన ఏజెంట్లున్నారు గానీ వాళ్లు ఊరికే చేయరు కదా. పోనీ అని పోస్టులో వేస్తే అది వెళ్లేది ఆస్టిన్‌కి. అక్కణ్నుంచి డల్లాస్‌కి కారులో మూడు గంటలు. నా పాస్‌పోర్టు మా ఆయనకు అంత దగ్గరలో వారాల తరబడి కాపురం ఉంటుంది. నేను మాత్రం అది తిరిగొచ్చేదాకా విమానం ఎక్కలేను. కాగితం మీద కలవాలంటే మనుషులం కలవకుండా ఆగాలన్నమాట.

ఉమ్మడి రిటర్నులో బాకీ తేలితే మొత్తానికీ ఎవరినైనా పట్టుకుంటారట, విడాకులైనా సరే. నివాసిగా లెక్కగట్టమన్న ఆ ఎంపికేమో ఒకసారి రద్దయిందా, మళ్లీ ఈ జన్మలో ఇద్దరిలో ఎవరికీ దొరకదు. రెండో పెళ్లికైనా మా వాళ్లు ఒప్పుకుంటారేమో గానీ, మీరు దీనికి ఒప్పుకోరు.

అసలు వేరుగా ఎందుకుంటున్నారని అడుగుతారేమో. ఆయన భార్యగా హెచ్‌-4 వీసా మీద వస్తే నేను ఉద్యోగం చేయకూడదు. ఆయన గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 ఆమోదం పొందితే పని అనుమతి అడగవచ్చని 2015లో వెసులుబాటు ఇచ్చారు. ఆయన కంపెనీ ఆ దరఖాస్తు ఇంకా మొదలే పెట్టలేదు. అందాకా వీసా లెక్కలో నేను డిపెండెంటుని. మీ పుస్తకంలో చూస్తే భార్యగానీ భర్తగానీ ఎన్నటికీ డిపెండెంటు కాదని స్పష్టంగా ఉంది! ఆ పేజీ జిరాక్స్ తీయించి, మీ సంతకం పెట్టి, వీసాల వాళ్లకి ఒక కాపీ పంపించండి. ఖర్చు మా రీఫండులో కోసుకోండి.

ఇట్లు,
మాదాపూర్ నుంచి, మీ కాబోయే నివాసి

తా.క. పెళ్లికి ముందు మా అమ్మ నా పేరిట ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, అత్తవారికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. దాని వడ్డీ కూడా ఉమ్మడి రిటర్నులో చూపాలిగా. మా ఆయన కంటపడకుండా ఆ గడి నింపే వీలేమైనా ఉందా?