ఆకుకూరల సార్వభౌమునికి జేజేలు

టొరంటో మహానగరాన 2005లో ‘లెటస్ ఈటరీ’ అన్న సామాన్య నామంతో సలాడ్ల హోటలుగా అవతరించి, అనతికాలంలోనే ‘ఫ్రెషీ’గా పట్టాభిషిక్తమై, గిన్నెడు పచ్చి ఆకుల్లో లోకకల్యాణాన్ని దర్శించిన ఓ ఆరోగ్యప్రదాతా, ఫ్రాంచైజీజన కల్పవృక్షమా, నీ కీర్తి కొనియాడ మా తరమా!

వినయంలో నీకు సాటి ఎవరు? 2015లో మెక్‌డొనాల్డ్స్ అంతటి మహాకాయానికే బహిరంగ లేఖ రాసి, నీతో చేతులు కలిపి తరించమని హితవు పలికావు. ఇల్లు చక్కబెట్టుకున్నాకే పొరుగింటికి బుద్ధులు చెప్పాలన్న సంకుచిత నీతి నీ దరి చేరలేదు. ఆ పుణ్యాన్ని తరవాత శాండ్‌విచ్‌ల సబ్‌వేకూ పంచావు.

2017 జనవరిలో టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజీకి వేంచేసి, వాటా 11.50 కెనడా డాలర్లకు ప్రసాదించి, 2019 చివరికల్లా 800కు పైగా శాఖలని సెలవిచ్చావు. ఏడాది తిరగకముందే ఆ అంకెను నువ్వే కుదించుకున్నావు. మితాహారం బోధించేవాడికి ఆశల్లోనూ మితం ఉండవద్దా!

ఇక సొంత సొమ్ము ధారపోసి నీ బోర్డు తలకెత్తుకున్న ఫ్రాంచైజీదారుల మీద నీకున్నది యోగుల సమదృష్టి. వాళ్ల లాభాన్నీ నష్టాన్నీ ఒకే తీరున ఎంచి, అమ్మకాల మీద రాయల్టీని మాత్రం నిర్వికారంగా స్వీకరించావు. అద్దెలు, జీతాలు, పొద్దుగూకేసరికి వాడిపోయే ఆకులు... ఈ లౌకిక బంధాలేవీ నిన్ను అంటకుండా వాళ్లకే వదిలిన నీ వైరాగ్యం మునులకైనా సాధ్యమా?

నీ దయాగుణానికి పరాకాష్ఠ 2022. కౌంటరు దగ్గర నిలబడి పాపం మనుషుల కాళ్లు నొప్పి పుడతాయనే కాబోలు, నీ వ్యవస్థాపకుడే భాగస్వామిగా పుట్టిన ‘పెర్సీ’ అనే సంస్థ వీడియో తెరను కొన్ని శాఖల్లో ప్రతిష్ఠించావు. ఆ తెరలోంచి నికరాగ్వా వంటి దూరదేశాల క్యాషియర్లు చిరునవ్వుతో పలకరించారు. వాళ్ల జీతం గంటకు 3.75 అమెరికన్ డాలర్లు! ఒంటారియోలో కనీస వేతనం అప్పటికి 15 కెనడా డాలర్లు. అంతకు తగ్గరాదని చట్టం నీ దాతృత్వానికి సంకెళ్లు వేస్తే, ఎల్లలు దాటి మరీ దానం చేసిన త్యాగధనుడివి నువ్వు.

పలికిన మాట తప్పని సత్యసంధుడివి కూడాను. బరువు తగ్గిస్తానన్నావు, తగ్గించి చూపావు: 2022 డిసెంబరులో నిన్ను కొంటున్నట్టు మాంట్రియల్‌కు చెందిన ఫుడ్‌టాస్టిక్ ప్రకటించినప్పుడు, ఆ 11.50 డాలర్ల వాటాకు పలికిన ధర 2.30 కెనడా డాలర్లు.