జంట కుదరని రెండు ఎలక్ట్రాన్లు: ఓ ఆక్సిజన్ అణువు ఆత్మకథ

ఓ ఆక్సిజన్ అణువు తన కథ తానే చెప్పుకొస్తోంది. తాను పుట్టింది భూమికి దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తున, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు తనలాంటి అణువులను విడగొట్టే చోట. అక్కడ రెండు విడి పరమాణువులు ఎదురుపడ్డాయి. అదే క్షణంలో ఓ నైట్రోజన్ అణువు తగిలి మిగులు శక్తిని పట్టుకుపోయింది కాబట్టి సరిపోయింది; లేకుంటే అవి కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోయేవి.

ఆ కలయిక గురించి అది ఎంతసేపైనా చెబుతుంది, చెప్పుకోదగ్గదే మరి. పరమాణువులో ఎలక్ట్రాన్ తరంగంలా ప్రవర్తిస్తుంది. దాని ఉనికిని తెలిపేదే ఆర్బిటాల్. రెండు పరమాణువుల ఆర్బిటాళ్లు అతిపాతం చెందినప్పుడు తరంగాలు ఒకదానికొకటి తోడైతే కేంద్రకాల నడుమ ఎలక్ట్రాన్ సాంద్రత పెరిగి, శక్తి తక్కువగా ఉండే బంధక ఆర్బిటాల్ ఏర్పడుతుంది. ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే ఆ నడుమ చోటు ఖాళీ అవుతుంది; శక్తి పెరుగుతుంది. అది అపబంధక ఆర్బిటాల్. ఎన్ని ఆర్బిటాళ్లు కలిస్తే అన్నే పుడతాయి, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

బయటి కర్పరాల నుంచి తనకు 12 ఎలక్ట్రాన్లు వచ్చాయి. 8 బంధక ఆర్బిటాళ్లలో చేరాయి, 4 అపబంధకాల్లో. తేడాలో సగం 2, అంటే ద్విబంధం. లెక్క కుదిరింది. అయితే చివరి రెండు ఎలక్ట్రాన్లు జత కట్టలేదు. సమాన శక్తి ఉన్న రెండు అపబంధక ఆర్బిటాళ్లలో చెరొకటి, ఒకే దిశ స్పిన్‌తో ఉండిపోయాయి.

కాగితం మీద రెండు గీతలతో గీసే బొమ్మలో ఈ సంగతి కనబడదు. అందులో ఎలక్ట్రాన్లన్నీ జంటలే. అయస్కాంతం మాత్రం పట్టేస్తుంది. మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా మారిన ఆక్సిజన్ లేత నీలంగా ఉంటుంది. బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య పోస్తే రెంటికీ అంటుకుని వేలాడుతుంది, మరిగి ఆవిరయ్యేదాకా కిందపడదు. ద్రవ నైట్రోజన్ పోస్తే నేరుగా జారిపోతుంది. 1891లో లండన్‌లో శాస్త్రవేత్త జేమ్స్ డ్యూయర్ ద్రవ ఆక్సిజన్ ఇలా ధ్రువాలకు అంటుకోవడం చూపించాడు. కారణాన్ని ఆర్బిటాళ్ల కలయికతో 1929లో శాస్త్రవేత్త లెనార్డ్-జోన్స్ విడమరిచి చెప్పాడు. అంతకుముందటి రెండు గీతల బొమ్మ చెప్పలేనిది చెప్పింది కాబట్టే ఈ సిద్ధాంతం నిలబడింది.

జత కట్టని ఆ రెండు ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని లాగేస్తే? బంధం బలహీనపడుతుందనుకుంటాం, కానీ బిగుస్తుంది. పోయింది అపబంధక ఎలక్ట్రాన్ కదా! బంధ దైర్ఘ్యం 121 పికోమీటర్ల నుంచి 112కు తగ్గుతుంది.

కెనడాలో రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో ఆక్సిజన్ అణువు నుంచి సరిగ్గా ఆ ఎలక్ట్రాన్‌నే లాగించాడు. నారింజ రంగు ఘనపదార్థం వచ్చింది. జెనాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికీ దాదాపు అంతే శక్తి చాలని అతను గమనించాడు. 1962లో ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఎర్రటి ఆవిరిని జెనాన్‌తో కలిపాడు. దేనితోనూ కలవదని పేరుపడ్డ ఆ వాయువు గది ఉష్ణోగ్రత దగ్గరే సమ్మేళనంగా మారింది.