మూడు పిక్సెళ్ల ప్రాణం

తాను పుట్టడానికి పట్టింది 48 గంటలేనని ఈ ఆట గర్వంగానే చెప్పుకుంటుంది. 2011 ఆగస్టు మూడో వారాంతం అది. లూడమ్ డేర్ అనే ఆన్‌లైన్ పోటీ 21వ విడత జరుగుతోంది. 2002లో జెఫ్ హౌలాండ్ మొదలుపెట్టిన ఆ పోటీలో ‘కాంపో’ విభాగం నియమాలు కఠినం. ఆటను ఒక్కరే చేయాలి. బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ ఆ రెండు రోజుల్లోనే తయారవ్వాలి. చివర్లో సోర్సు కోడ్ అందరికీ ఇచ్చేయాలి. ఆ విడతకు ఓట్లలో నెగ్గిన అంశం ‘ఎస్కేప్’, అంటే తప్పించుకోవడం. అమెరికాలో ఇంకా శుక్రవారమే, ఇక్కడ హాస్టల్ గదిలో శనివారం వచ్చేసింది. లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడు ఆ మాట చూడగానే తూటాలను తప్పించుకునే ఆట చేద్దామని తేల్చుకున్నాడు.

తన వంశం చిన్నదేమీ కాదంటుంది ఆట. 1978లో తోమోహిరో నిషికాదో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో తూటాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. 1993లో టోప్లాన్ సంస్థ బాట్సుగన్‌తో తెర నిండా తూటాలు కురవడం మొదలైంది. ఆ సంస్థ మూతపడ్డాక అక్కడివాళ్లు పెట్టిన కేవ్ సంస్థ డోడోన్‌పాచీ లాంటి ఆటలతో ఆ వానను ఒక కళగా మార్చింది. కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చేసుకుంటూ టోహో ఆటలను నడిపిన జున్ పేరు కుర్రాడికి దేవుడి పేరుతో సమానం. ఒక్క మనిషి చాలునన్న ధైర్యం అక్కణ్నుంచే వచ్చింది.

తొలి కోడ్‌లో ఆడేవాడు నడిపే ఓడ బొమ్మ మొత్తం, 24 పిక్సెళ్ల వెడల్పూ, ప్రాణమే. శనివారం రాత్రి పక్క మంచం మిత్రుడు ఆడటానికి కూర్చున్నాడు. రెక్క చివర తూటా రాసుకుందో లేదో, ఓడ పేలిపోయింది.

“ఒరేయ్, నాకు తగల్లేదురా! ఇది మోసం” అని కీబోర్డు వదిలేసి లేచాడు.

కుర్రాడు వాదించలేదు. ఓడ నడుమ 3 పిక్సెళ్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని మాత్రమే హిట్‌బాక్స్‌గా, అంటే తూటా తగిలితే ఓడ పేలే చోటుగా ఉంచి, మిగతా ఒంటిని ఉత్త బొమ్మగా వదిలేశాడు. ఆ వృత్తం ఆడేవాళ్లకు కనబడేలా తెల్ల చుక్క పెట్టాడు. కోడ్‌లో ఆ వరుస పక్కన, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో, ‘తగలకుండా చంపకూడదు’ అని రాసుకున్నాడు. తన జీవితంలో అంత మంచి మాట తన గురించి ఇంకెవరూ రాయలేదంటుంది ఆట.

లెక్క కూడా ఆ మాటకు కట్టుబడే కుదిరింది. శత్రువు ఒక్కసారిగా 24 తూటాలను వలయంలా వదులుతుంది, ఒక్కోదానికీ మధ్య 15 డిగ్రీలు. శత్రువుకు 200 పిక్సెళ్ల దూరంలో నిలబడితే రెండు తూటాల మధ్య ఎడం 52 పిక్సెళ్లు, హాయిగా దూరిపోవచ్చు. 60 పిక్సెళ్ల దగ్గరికి వెళ్తే ఆ ఎడం 16కు పడిపోతుంది. అందులో తూటా మందం 8 పోగా మిగిలేది 8. ఓడ బొమ్మ అందులో పట్టదు, 6 పిక్సెళ్ల ప్రాణం పడుతుంది. చావు అంచున దూరి బయటపడ్డాననే ఆనందమంతా ఆ రెండు పిక్సెళ్ల తేడాలోనే ఉంది.

శబ్దాలకు ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ వాడాడు. ఇదే పోటీ పదో విడతకు, 2007 డిసెంబరులో, తోమస్ పెటర్సన్ తోటి పోటీదారుల కోసం చేసిపెట్టిన చిన్న సాధనం అది. మీట నొక్కితే పేలుడు శబ్దం తయారు.

ఆదివారమంతా ఒక్క తడబాటు మీదే పోయింది. తూటా కావలసినప్పుడల్లా కొత్తది తయారుచేసి, తెర దాటగానే వదిలేస్తే, ఆ చెత్తను ఏరడానికి, బ్రౌజర్‌లో ఈ ఆటను నడిపే ఫ్లాష్ ప్లేయర్ ఉన్నట్టుండి ఆగేది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆడేవాడు రెండు తూటాల మధ్య దూరుతుండగా తెర ఆగి చచ్చిపోతే, ఆ తప్పు ఆటదే. అందుకని 600 తూటాలను ముందే చేసిపెట్టి, తెర దాటినవాటినే మళ్లీ పిలిచి వాడాడు. తనలో ఒక్క తూటానూ పారేయనివాడు తనను ఎలా పారేశాడో ఈ ఆటకు ఇప్పటికీ అర్థం కాదు.

ఓటింగు జరిగినన్నాళ్లు బాగానే గడిచింది. పోటీలో ఉన్నవాళ్లే ఒకరి ఆట ఒకరు ఆడి మార్కులు వేస్తారు. ఎవరెవరో ఆడారు, తెల్ల చుక్క బాగుందన్నారు, మూడో దశ మరీ కష్టమన్నారు. ‘సరిచేసిన వెర్షన్ త్వరలో పెడతాను’ అని కుర్రాడు జవాబు రాశాడు. అదే అతను ఆట పేజీలో రాసిన ఆఖరి వాక్యం. పరీక్షలొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, లాప్‌టాప్ మారింది. ఆట ఫైలును దాచిన ఉచిత సేవ కొన్నేళ్లకు ఆ వసతి ఎత్తేసింది. పేజీలో బొమ్మ ఉంది, మెచ్చుకోళ్లు ఉన్నాయి, నొక్కితే తెరుచుకునేది ఏమీ లేదు. లింకు పోయిందని ఒకరు వ్యాఖ్య పెట్టారు. దానికి జవాబు రాలేదు.

ఆపైన 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు అడోబ్ మద్దతు ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తానే ఆటలను నడపనని నిరాకరించింది. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద బృందం లక్షకు పైగా ఆటలను, యానిమేషన్లను భద్రపరచింది గానీ, లింకే లేని ఆట వాళ్లకు మాత్రం ఎలా దొరుకుతుంది? తనలాంటి పుట్టుకే పుట్టిన మరో ఆట సంగతి తలుచుకుని ఇది బాధపడుతుంది. 2013లో ఏడు రోజుల పోటీకి చేసిన సూపర్‌హాట్‌లోనూ తప్పించుకోవలసింది తూటాలనే. ఆడేవాడు కదిలితేనే అందులో కాలం కదులుతుంది. చేసినవాళ్లు వదిలిపెట్టకుండా పనిచేసి 2016లో దాన్ని పూర్తి ఆటగా తెచ్చారు. అసూయ కాదు, తన కోసం మరొక్క వారాంతం కేటాయించి ఉంటే చాలునన్న కోరిక.

ఇంతకీ ఇది బతికింది కాంపో నియమం వల్ల. ఓటింగు రోజుల్లో ఎవరో పోటీదారు ఆటతోపాటు సోర్సు కోడ్ జిప్ ఫైలు కూడా దించుకుని ఉంచుకున్నాడు. ఇన్నేళ్లకు దాన్ని విప్పి, ఫ్లాష్ భాష యాక్షన్‌స్క్రిప్టులో ఉన్న కోడ్‌ను చదువుకుంటూ జావాస్క్రిప్టులో తిరగరాస్తున్నాడు. మొదటిరోజు తూటాలు పిచ్చిగా పరుగెత్తాయి. కోడ్‌లో వేగం సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో ఉంది, అతని తెర సెకనుకు 144 సార్లు మారుతుంది. అంటే ప్రతి తూటా 2.4 రెట్ల వేగంతో వచ్చింది. గడిచిన సమయాన్ని కొలిచి వేగానికి గుణించాక వానకు పాత నడక వచ్చింది.

హిట్‌బాక్స్ మరీ చిన్నదిగా ఉందే, పొరపాటేమోనని 8కి పెంచి చూశాడు. శత్రువు దగ్గరి సందుల్లో ఒక్కటీ దాటలేకపోయాడు. తిరిగి 3 చేశాడు. పక్కనున్న తెలుగు వాక్యం అతనికి అర్థం కాకపోయినా చెరపలేదు. ఇక మిగిలింది శబ్దమే. ఆడేవాళ్లు ఒక్కసారైనా నొక్కనిదే ఇప్పటి బ్రౌజర్లు శబ్దం రానివ్వవు, కాబట్టి ముందొక ‘మొదలు’ మీట పెట్టే పనిలో ఉన్నాడు.